ఎక్కడ పడుకుంటే అక్కడి రోజు

ఆమె పని ఆకాశాన్ని బాగుచెయ్యడం.

పాతకాలపు నక్షత్రశాలల్లో, గుమ్మటం కింద నట్టనడుమ, గండుచీమ ఆకారంలో ఒక పెద్ద యంత్రం నిలబడి ఉంటుంది. దాని రెండు కొసలా రెండు ఇనుప బంతులు. ఒక్కో బంతికి పదహారు కటకాలు. ఒక్కో కటకం వెనక ఉల్లిపొరలాంటి రాగిరేకు, రేకు నిండా సూదిమొన కూడా పట్టని బెజ్జాలు. బంతి లోపల దీపం వెలిగిస్తే వెలుగు ఆ బెజ్జాల్లోంచి బయటపడి, గుమ్మటం మీద చుక్కలై పరుచుకుంటుంది. ఏళ్ళు గడిచేకొద్దీ బెజ్జాల్లో దుమ్ము చేరుతుంది. చుక్కలు ఎవరికీ చెప్పకుండా ఒకటొకటిగా ఆరిపోతాయి. అప్పుడు ఆమెను పిలుస్తారు. ఆమె పెట్టె సర్దుకుని విమానమెక్కుతుంది. ఒకచోట నెల, ఒకచోట ఆరు నెలలు. ఉద్యోగం కాదు, ఒప్పందం. పని అయిపోతే ఆ ఊరితో రుణం తీరిపోయినట్టే.

వదిన ఆమెకు చుక్కల మేస్త్రి అని పేరు పెట్టింది. "అందరి మేస్త్రీలూ గోడలకి సున్నం కొడితే మా ఆడపడుచు ఆకాశానికి కొడుతుంది" అని ఇరుగుపొరుగుకి చెప్పుకునేది. కొన్నాళ్ళకి ఆ పేరే నిలిచిపోయి, 'మేస్త్రీ' దగ్గర స్థిరపడింది.

వదిన గురించి ఒక మాట చెప్పాలి. ఆమె పన్నుల సలహాదారు. అన్నయ్య పదేళ్ళ కిందట వదినకి విడాకులిచ్చి, ఇంకో ఊళ్ళో ఇంకో సంసారం పెట్టుకున్నాడు. పోతూ పోతూ ఇంట్లోంచి తన పుస్తకాల అలమర తీసుకుపోయాడు. చెల్లెల్ని మాత్రం తీసుకుపోలేదు. ఆమె కూడా వెళ్తాననలేదు. వదిన ఫ్లాట్‌లో వెనక వైపు గది ఆమెది. ఒప్పందానికీ ఒప్పందానికీ మధ్య వచ్చి, పది రోజులో రెండు మూడు నెలలో ఆ గదిలో నిద్రపోయి, మళ్ళీ వెళ్ళిపోయేది.

ఆ ఏడాది పెద్ద పని దొరికింది. కొండల మధ్య ఒక సరస్సు, సరస్సు ఒడ్డున ఒక ఊరు. ఊరి నక్షత్రశాల పన్నెండేళ్ళుగా మూతపడి ఉంది. దాన్ని మళ్ళీ తెరవాలన్నారు. ఏడాదిన్నర గడువు.

పొద్దున్న పదింటికి గుమ్మటం తలుపు మూసుకుంటే సాయంత్రం నాలుగింటిదాకా ఆమెకు బయటి లోకం లేదు. పళ్ళచక్రాలు సరిగ్గా కదులుతున్నాయో లేదో చూడ్డానికి యంత్రాన్ని వేగంగా తిప్పేది. అలా తిప్పితే ఒక సంవత్సరం నాలుగు నిమిషాల్లో అయిపోతుంది. సూర్యుడు బంతిలా ఎగిరి అటు పడతాడు. చంద్రుడు పలచబడి, నిండి, మళ్ళీ పలచబడతాడు. ఒక్కపూటలో ముప్ఫై ఏళ్ళు, నలభై ఏళ్ళు గడిపేసి, తలుపు తీసుకుని ఎండలోకి వచ్చేసరికి, మెట్ల మీద ఉదయం చూసిన పావురమే కూచుని ఉండేది. టిక్కెట్ల గదిలో ఉండే ఆవిణ్ణి "ఇవాళ ఏ వారమండీ?" అని అడిగేది. ఆవిడ నవ్వకుండా చెప్పేది. అలవాటైపోయింది పాపం.

జీతం రావడానికి మాత్రం చుట్టుదారి. బయటి దేశం మనిషికి నేరుగా డబ్బిచ్చే వీలు నక్షత్రశాలవాళ్ళకి లేదట. అందుకని వాళ్ళు మూడో దేశంలో ఉన్న ఒక కంపెనీకి కడతారు. ఆ కంపెనీ తన ఫీజు పట్టుకుని మిగిలింది ఆమెకు పంపుతుంది. ఆమెలాంటి ఒప్పందపు పనివాళ్ళందరూ దాన్ని గొడుగు కంపెనీ అంటారు. కాగితాల వానలో తడవకుండా మనకి గొడుగు పడుతుందని. ఒప్పందం మొదటిసారి చదివినప్పుడు వదిన కళ్ళజోడు నెత్తి మీదకి తోసి, "గొడుగా ఇది? ఊచలు కనిపిస్తున్నాయి గానీ బట్ట ఏదీ?" అంది.

వదిన మాటే నిజమైంది. ఒకరోజు గొడుగు కంపెనీ నుంచి ఉత్తరం వచ్చింది. గడిచిన సంవత్సరానికి మీరు ఏ దేశపు నివాసి? ఆ దేశపు పన్నుల కార్యాలయం నుంచి నివాస ధ్రువపత్రం పంపండి. అందేవరకు చెల్లింపులు ఆపుతున్నాం. రెండు నెలల్లో అందకపోతే పాతవాటి మీద కూడా మూడో వంతు పన్ను కింద కోసుకుంటాం.

ఆమె ఫోను చేసింది. అక్కడ వదినకి సాయంత్రం, ఇక్కడ ఆమెకు మధ్యాహ్నం.

"ఇదెంత పని వదినా? నేను మన దేశం మనిషినే కదా. రాసిచ్చెయ్యమను."

"మన దేశం మనిషివని పాస్‌పోర్టు చెబుతుంది. పన్నులవాళ్ళకి పాస్‌పోర్టు అక్కర్లేదు. రోజులు కావాలి. ఉండు, లెక్క చూస్తాను." కాగితాలు తిప్పుతున్న చప్పుడు. "పోయిన ఏడాది నువ్వు ఇక్కడున్నది తొంభై ఆరు రోజులు. నూట ఎనభై మూడు ఉంటే తప్ప మనవాళ్ళు నిన్ను ఇక్కడి మనిషిగా చూడరు."

"మరి ఇక్కడివాళ్ళ దగ్గర తీసుకుంటాలే."

"అక్కడ నూట డెబ్భై ఒకటి."

"అంటే?"

"అంటే అక్కడా చాలవు. వాళ్ళకీ నూట ఎనభై మూడే. మిగతా తొంభై ఎనిమిది రోజులూ నువ్వు ఆ ఊరూ ఈ ఊరూ చిల్లరగా ఖర్చుపెట్టావు." కాగితాలు పక్కన పెట్టిన చప్పుడు. "మేస్త్రీ, నువ్వు పోయినేడాదంతా ఎక్కడా లేవు. త్రిశంకు స్వర్గంలో ఉన్నావు."

ఇద్దరూ నవ్వుకున్నారు. ఫోను పెట్టేశాక మాత్రం ఆమెకు నవ్వు రాలేదు. అలాగని భయమూ కలగలేదు. ఒంట్లోంచి బరువేదో ఎవరో తీసేసినట్టు అనిపించింది. సరస్సు ఒడ్డున నడుస్తుంటే అడుగుల చప్పుడు వినిపించలేదు. ఎదురుగా వచ్చేవాళ్ళు తనలోంచి నడిచి వెళ్ళిపోతారేమో అనుకుంది. రొట్టెల దుకాణంలో వరుసలో నిలబడితే, వెనకావిడ ఆమెను చూడనట్టే ముందుకొచ్చి నిలబడింది. "అమ్మా, నేనున్నాను" అనబోయి ఊరుకుంది. ఉన్నట్టు కాగితం ఏదీ?

ఊళ్ళోని పన్నుల కార్యాలయం ఒక పాత బడి భవనంలో ఉంది. ఎత్తయిన కిటికీలు, నడిస్తే మూలిగే చెక్కనేల. ఆమె వంతు వచ్చినప్పుడు లోపల ఒక పెద్దాయన కూచుని ఉన్నాడు. మోచేతుల దగ్గర తోలు అతుకు వేసిన కోటు. గొంతు ఎంత నెమ్మదిగా ఉందంటే, ఆయన పన్నుల గురించి మాట్లాడుతున్నాడో జోల పాడుతున్నాడో తెలియలేదు.

"మా చట్టంలో రోజు అంటే పగలు కాదండీ," అన్నాడు ఆయన. "రాత్రి మీరు ఎక్కడ పడుకుంటే ఆ రోజు అక్కడిది. మీరు మా ఊళ్ళో నూట డెబ్భై ఒక్కసార్లు పడుకున్నారు. ఇంకో పన్నెండుసార్లు పడుకుని ఉంటే ఇప్పుడే రాసిచ్చేవాణ్ణి."

"నిద్ర తక్కువైందన్నమాట."

ఆయన ఆ మాట మీద సీరియస్‌గా ఆలోచించి, అవునన్నట్టు తలూపాడు. "రెండు దార్లున్నాయి. మొదటిది, మీ దేశంలో మీకు స్థిరమైన ఇల్లు ఉందని చూపించడం. ఎప్పుడు వెళ్ళినా తలుపు తీసుకుని పడుకోగలిగే చోటు, ఏడాది పొడుగునా మీకోసం ఉంచింది. అది ఉంటే మీవాళ్ళతో నేను ఉత్తరాలు నడుపుతాను. రెండు దేశాల ఒప్పందం కింద మిమ్మల్ని అక్కడి మనిషిగానే ఒప్పుకుంటారు. ఉందా?"

"ఉంది. మా వదిన ఇంట్లో నా గది."

"వదిన అంటే?"

"అన్నయ్య భార్య."

ఆయన రాసుకున్నాడు. "మీ అన్నగారు కూడా అక్కడే ఉంటారా?"

"లేదండీ. వాళ్ళు విడిపోయి పదేళ్ళయింది."

కలం ఆగింది. "అయితే అన్నగారి మాజీ భార్య అని రాయాలి."

"అన్నయ్యకి మాజీ భార్యే. నాకు వదిన."

"అర్థం కాలేదు."

"మా భాషలో వదినకి మాజీ ఉండదండీ," అంది ఆమె. పెద్దాయన బంధుత్వం అన్న గడిలో 'వదిన' అన్న మాటను తన లిపిలో అక్షరం అక్షరం కూడబలుక్కుంటూ రాశాడు. "ఆవిడ సంతకంతో ఒక కాగితం తెప్పించండి. గది పోయిన ఏడాదంతా మీకోసం ఖాళీగా ఉందని. అది చాలు."

ఆ సాయంత్రమే ఆమె వదినకి చెప్పింది. రెండు వాక్యాల కాగితం, ఒక సంతకం. అవతల, వదిన వెనక ఎక్కడో చెప్పుల టపటప వినిపించింది. ఎవరో నడుస్తున్నారు.

"ఎవరు వదినా, ఇంట్లో?"

"నేను ఆ కాగితం మీద సంతకం పెట్టలేను మేస్త్రీ."

"ఏం?"

"గది ఖాళీగా లేదు. పోయిన ఏడాది నువ్వు వెళ్ళిన రెండో నెలలోనే అద్దెకిచ్చాను. ఫిజియోథెరపీ చేసే అమ్మాయి. నీ సామానంతా నా మంచం కింద భద్రంగానే ఉందిలే."

చుక్కల మేస్త్రి కిటికీ పక్కన కుర్చీలో కూలబడింది. "ఏడాది పైన అవుతోంది. నాకు చెప్పనేలేదేం?"

"నువ్వడగలేదు కదా. వారానికోసారి ఫోను చేస్తావు. చుక్కలెలా ఉన్నాయో చెప్తావు. నీ గది ఎలా ఉందని ఒక్కసారి అడిగావా?"

"డబ్బుకి ఇబ్బందైతే నాకు చెప్పొచ్చు కదా!"

"డబ్బు కాదే." వదిన గొంతు తగ్గింది. "ఆ తలుపు మూసి ఉంటే ఇంట్లో ఎవరో ఆస్పత్రిలో ఉన్నట్టుండేది. పొద్దున్న లేచి అటు చూడకుండా వంటింట్లోకి పోవాలంటే తల తిప్పుకుని నడవాలి. ఈ పిల్ల చెప్పులు టపటపలాడిస్తూ తిరుగుతుంది. గీజరు ఆపదు. నాకది బాగుంది."

"మధ్యలో నేను వచ్చాను కదా! తొంభై ఆరు రోజులు..."

"వచ్చావు, ఎప్పుడు? ఆ ఏడాది మొదట్లో, ఈ పనికి వెళ్ళకముందు. తరవాత రాలేదు. నీకే గుర్తులేదు."

నిజమే. ఆమెకు గుర్తులేదు. మధ్యలో ఒకసారి వెళ్ళొచ్చిన జ్ఞాపకం ఉంది. గది కిటికీలోంచి ఎండ, మంచం మీద ఉతికి మడతపెట్టిన దుప్పటి. ఆ ఎండ పోయినేడాదిదా, అంతకుముందుదా?

"ఒక్క కాగితం వదినా. ఎవరూ వచ్చి చూడరు."

"ఇరవై రెండేళ్ళుగా జనానికి అబద్ధపు కాగితం మీద సంతకం పెట్టొద్దని చెప్పే బతికాను. నీకోసం పెడితే రేపు నా మొహం నేను చూసుకోలేను. కోపం తెచ్చుకుంటే తెచ్చుకో."

ఆమె కోపం తెచ్చుకుంది. పది రోజులు ఫోను చెయ్యలేదు. వదిన కూడా చెయ్యలేదు. ఇద్దరిలో ఎవరిది ఎక్కువ పంతమో అన్నయ్య కూడా ఎప్పుడూ తేల్చలేకపోయాడు.

ఆ పది రోజులూ గుమ్మటం కింద ఆకాశాన్ని మామూలు వేగంతోనే నడిపింది. అంటే చుక్కలు కదులుతున్నట్టే తెలియదు. వెల్లకిలా పడుకుని, పెద్దాయన చెప్పిన రెండో దారి గురించి ఆలోచించింది. ఆ రెండో దారి చాలా చిన్నది. మీరు ఇక్కడ పడుకున్నా కాగితాల్లోకి ఎక్కని రోజులు ఏమైనా ఉన్నాయేమో గుర్తుచేసుకోండి అన్నాడాయన. గుర్తుచేసుకుంటే సరిపోదు, రుజువు కావాలి.

పోయినేడాది వసంతంలో సరస్సు అవతలి ఊళ్ళో ఇరవై ఆరు రోజుల చిన్న పని చేసింది. అక్కడి బడిలో ఉన్న బుల్లి నక్షత్రయంత్రం. అవతలి ఒడ్డు వేరే దేశం. అందుకే గొడుగు కంపెనీ లెక్కల్లో ఆ ఇరవై ఆరూ అక్కడి రోజులుగా పడ్డాయి. సరస్సు మీద తిరిగే పడవల్లో పాస్‌పోర్టు ఎవరూ చూడరు, ముద్ర వెయ్యరు. ఆ రాత్రులు అక్కడే ఉండిపోయిందా, ఇవతలికి వచ్చి పడుకునేదా?

కళ్ళు మూసుకుంటే పడవ కనిపించేది. పొగమంచులో ఒడ్డు వదిలాక రెండు వైపులా తెలుపే. ఇంజను చప్పుడు కడుపులో గురగురలాడుతుంటే నిద్ర ముంచుకొచ్చేది. ఎప్పుడో ఉలిక్కిపడి లేచేసరికి మంచులోంచి దీపాలు దగ్గరపడుతూ ఉండేవి. ఇది వెళ్ళే ఒడ్డా, వచ్చే ఒడ్డా అని ఒక్క క్షణం తెలిసేది కాదు. ఆ క్షణం ఆమెకు ఎంతో ఇష్టంగా ఉండేదని ఇప్పుడు గుర్తొచ్చింది. ఏ ఊరూ తనది కానక్కర్లేని క్షణం. తరవాత పడవ చెక్కగట్టుకి ఆనుకునేది. ఎదురుగా టిక్కెట్ల ఆయన, చేతిలో పట్టకారులాంటి సాధనం. టక్.

ఆమె లేచి కూచుంది.

టక్. ఆ చప్పుడు కలలోది కాదు. ఉదయపు పడవ ఆయన సాధనంతో గుండ్రటి చిల్లు పడేది, సాయంత్రపు పడవ ఆయనది అర్ధచంద్రాకారం. రెండు నెలల పాసు, దళసరి అట్ట. రోజుకొక గడి, గడిలో తేదీ. మీద ఆమె పేరు. ఆ అట్ట ఏమైంది?

తన అద్దె గదికి పోయి కోటు జేబులు, పెట్టె అరలు, పుస్తకాల పుటలు అన్నీ వెతికింది. చెత్తబుట్టలో పారేసి ఉంటానేమో అనుకుని తనను తాను తిట్టుకుంది. మర్నాడు యంత్రం పక్కన నిలబడి కటకాలు తుడుస్తుంటే, ఉత్తరపు బంతిలో ఏడో కటకం దగ్గర చెయ్యి దానంతటదే ఆగిపోయింది.

వసంతం చివర్లో ఆ ఏడో కటకం కాస్త వాలిపోతూ, దాని చుక్కలు పక్క చుక్కలతో అతకకుండా ఏడిపించింది. ఒక వెంట్రుకవాసి ఎత్తు కావాల్సొచ్చింది. సరైన ఇత్తడి బిళ్ళ వచ్చేదాకా అని, చేతికందిన దళసరి అట్టను మడిచి కటకం కింద దోపింది. ఇత్తడి బిళ్ళ వచ్చింది. అది డబ్బాలోనే ఉండిపోయింది. అట్ట అక్కడే ఉంది. ఆకాశంలో ఒక ముక్క, ఏడాది పైగా, ఆమె పడవ పాసు మీద ఆనుకుని నిలబడి ఉంది. ఈ పని చేసేవాళ్ళెవరికైనా చెబితే తలెత్తుకోలేని సిగ్గు.

దాన్ని బయటికి తియ్యాలంటే కటకం వదులు చెయ్యాలి. ఒకసారి వదులు చేస్తే చుట్టూ ఉన్న ఐదింటి అమరిక కూడా చెడుతుంది. మూడు వారాల కష్టం. ప్రారంభోత్సవం పన్నెండు రోజుల్లో ఉంది. నక్షత్రశాల పెద్ద, అంటే సూపరింటెండెంటు, ఆహ్వానాలు కూడా పంచేశాడు. సన్నగా, ఎప్పుడూ కంగారుగా ఉండే మనిషి. చెబితే కాళ్ళ కింద నేల కదిలినట్టు చూశాడు.

"ఇప్పుడేమైంది దానికి? చక్కగా వెలుగుతోంది కదా!"

"అట్ట ముక్క మీద నిలబెట్టానండీ. తప్పు నాదే. తేమ తగిలితే ఉబ్బుతుంది, ఉత్తరం వంకరపోతుంది."

"ఉత్తరం వంకరపోతుందా?" ఆయన గుమ్మటం వైపు చూశాడు. "ప్రారంభం రోజుకి సిద్ధమవుతుందా?"

"అవుతుంది."

"ఎలా చెప్పగలరు?"

"నిద్ర తగ్గించుకుంటాను," అంది. అని, ఆ మాట మీద తనే నవ్వుకుంది.

మరలు వదులు చేస్తుంటే గుమ్మటం మీద ఉత్తరాన ఒక ముక్క మెల్లగా జారి, పక్క చుక్కల మీదకి ఒరిగింది. రెండు ఆకాశాలు ఒకదాని మీద ఒకటి పడ్డట్టు చుక్కలు రెట్టింపయ్యాయి. ఆమె పట్టకారుతో అట్టను బయటికి లాగింది. నలిగి, అంచు కాస్త నల్లబడి ఉంది గానీ తేదీలు కనిపిస్తున్నాయి. కింద నేలమీద కూచుని, పని దీపం దగ్గర పెట్టుకుని చూసింది. గుండ్రం, అర్ధచంద్రం. గుండ్రం, అర్ధచంద్రం. కొన్ని గడుల్లో గుండ్రం మాత్రమే. ఆ సాయంత్రం తిరిగి రాలేదన్నమాట. కొన్ని అసలు ఖాళీ. సాయంత్రం తిరిగొచ్చిన రోజులు మొత్తం పంతొమ్మిది.

పెద్దాయన ఆ అట్టను రెండు చేతులా పట్టుకుని కిటికీ దగ్గరకి తీసుకెళ్ళాడు. ఎండ చిల్లుల్లోంచి దిగి, ఆయన తోలు అతుకు మీద, బల్ల మీద కాగితాల మీద చిన్న చిన్న మచ్చలుగా పడింది. పెన్సిలుతో ఒక్కొక్క అర్ధచంద్రాన్నీ తాకుతూ, పెదాలు కదుపుతూ లెక్కపెట్టాడు. పడవ కంపెనీకి ఫోను చేసి పాసు నంబరు చెప్పి సరిచూసుకున్నాడు. పంతొమ్మిదీ నూట డెబ్భై ఒకటీ కలిపి నూట తొంభై.

"మీరు ఇక్కడే ఉన్నారు," అన్నాడు.

అంతే. పెద్ద మాటేం కాదు. అయినా ఆమెకు కళ్ళు చెమ్మగిల్లాయి. వెళ్ళేటప్పుడు చెక్కనేల ఆమె కాళ్ళ కింద మూలిగింది. ఆ చప్పుడు వినడం బాగుంది.

నాలుగు రోజుల్లో ధ్రువపత్రం చేతికొచ్చింది. గొడుగు కంపెనీకి పంపితే ఆపిన చెల్లింపులు వదిలారు. సొంత దేశంలో బ్యాంకు ఆమె వడ్డీ మీద ముందే కోసుకున్న పన్ను వెనక్కి రావాలంటే మాత్రం అక్కడ వేరే దరఖాస్తు పెట్టాలి. పెట్టాల్సిన మనిషి ఎవరో ఆమెకు తెలుసు. ఫోను తీసింది. పది రోజులు కాస్తా పదిహేనయ్యాయి.

"ఏమైంది?" అంది వదిన, పలకరింపు లేకుండా. "ఏ దేశం?"

"ఇదే వదినా. సరస్సు దాటొచ్చి పడుకున్న రోజులు దొరికాయి."

"నిజం రోజులేనా?"

"తేదీలతో సహా. చిల్లులు పెట్టి ఉన్నాయి."

"ఊఁ." ఇవాళ వెనక చెప్పుల చప్పుడు లేదు. "అయితే నువ్వు అక్కడి మనిషివన్నమాట. ఇక నీ రిటర్ను నేను వెయ్యక్కర్లేదు. ఒక కాగితం తగ్గింది."

"తగ్గలేదు. అక్కడ నివాసం లేనివాళ్ళకి వేరే ఫారం ఉంటుందటగా."

"ఉంటుంది. దీనికన్నా పొడుగు." వదిన గొంతులో ఏదో సడలింది. "నీ చాకిరీ నాకు ఈ జన్మకి వదిలేలా లేదు."

"వదినా, గది సంగతి... నేను అడగాల్సింది."

"పోనీలే. నేనూ చెప్పాల్సింది. ఆ పిల్లని పంపించెయ్యనా?"

ఆమె ఆలోచించింది. మూసి ఉన్న తలుపు, తల తిప్పుకుని నడిచే వదిన. "వద్దు. గీజరు మాత్రం ఆపమను."

వదిన పగలబడి నవ్వింది. నవ్వి నవ్వి దగ్గింది. దగ్గు తగ్గాక, "అయితే ఇప్పుడు నీకు అక్కడ ఇల్లుందా లేక ఆ నెలవారీ గదేనా?" అని అడిగింది.

"వెతుకుతున్నా. రెండు గదులది."

"రెండెందుకు?"

"నువ్వొస్తే?"

వదిన రాననలేదు. ప్రారంభోత్సవానికి రెండు రోజుల ముందు వచ్చింది. రెండు విమానాలు, ఒక రైలు. చక్రాల పెట్టె ఒకటి లాక్కుంటూ, భుజాన ఫైళ్ళ సంచి తగిలించుకుని. స్టేషనులో ఒకరినొకరు చూసుకుని, పెట్టె బరువు గురించి మాట్లాడుకున్నారు. ఆడపడుచు సన్నబడిందని వదిన, వదిన జుట్టు కత్తిరించుకుందని ఆడపడుచు. దారిలో వదిన ఊరంతా చూసి, "బాగానే ఉంది. నూట తొంభై రోజులు పడుకోవచ్చు" అంది.

మధ్యాహ్నం నక్షత్రశాలకి తీసుకెళ్ళింది. ఉత్తరపు ఆకాశం ముందురోజే సరిగ్గా అతికింది. ఇత్తడి బిళ్ళ మీద ఏడో కటకం కదలకుండా కూచుంది. చివరిసారి ప్రదర్శన మొత్తం నడిపి చూడాలి. వదినను వెనక్కి వాలే కుర్చీలో కూచోబెట్టి, మీటల దగ్గరకి వెళ్ళింది.

దీపాలు మెల్లగా తగ్గాయి. గుమ్మటం అంచు దగ్గర ఊరి ఇళ్ళ నీడలు, వాటి మీద చీకటి, చీకట్లో మొదట ఒకటి, తరవాత పది, తరవాత లెక్కలేనన్ని. పన్నెండేళ్ళు ఎవరూ చూడని ఆకాశం. వదిన నోరు తెరుచుకుని "అబ్బ!" అంది. ఒక్క మాటే. ఆ తరవాత మాట వినిపించలేదు. రికార్డు గొంతు గ్రహాల గురించి చెప్పుకుపోతోంది. చుక్కలు పడమటికి ఒరుగుతున్నాయి. ఆమె కొలతలు రాసుకుంటూ, ప్రతి కటకం వైపూ చూసుకుంటూ తిరిగింది. ఎక్కడా అతుకు కనిపించలేదు.

ప్రదర్శన చివరికొచ్చింది. ఆఖర్న తెల్లారాలి. తూర్పు అంచు గులాబీరంగు తిరిగి, చుక్కలు కరిగి, సూర్యుడు వచ్చి, దీపాలు వెలుగుతాయి. ఆమె మీట మీద చెయ్యి వేసింది. అప్పుడు వినిపించింది, సన్నని గురక.

దగ్గరకి వెళ్ళి చూసింది. వదిన కళ్ళజోడు నెత్తి మీదకి జారింది. ఫైళ్ళ సంచి ఒళ్ళో ఉంది, దాని మీద రెండు చేతులూ. రెండు రోజుల ప్రయాణపు అలసట మొహంలోంచి దిగిపోతూ ఉంది. ఇన్నేళ్ళలో వదిన నిద్రపోతుండగా చూసింది చాలా తక్కువసార్లు. ఆ ఇంట్లో ఎప్పుడూ ముందు లేచేదీ ఆఖర్న పడుకునేదీ ఆమే.

చుక్కల మేస్త్రి తన కోటు విప్పి వదిన కాళ్ళ మీద కప్పింది. మీటల దగ్గరకి తిరిగొచ్చి, తూర్పున అప్పుడే పాకుతున్న ఎరుపును తగ్గించింది. ఆకాశాన్ని రెండు గంటలు వెనక్కి తిప్పింది. దిగిపోయిన చుక్కలు ఒకటొకటిగా పడమటి అంచు మీదకి మళ్ళీ ఎక్కొచ్చాయి.

తలుపు సందులోంచి వెలుగు గీత పడింది. సూపరింటెండెంటు తల లోపలికి పెట్టి, కంగారుగా, "అయిపోయిందా? అంతా సరిగ్గానే ఉందా?" అన్నాడు.

ఆమె వేలు పెదాల మీద పెట్టుకుంది.

"మెల్లగా మాట్లాడండి," అంది. "ఇంకా తెల్లారలేదు."